ఎదురుకోలుకి చోటేది?

హెల్సింకిలో చింతపండు నానబెట్టి, లిస్బన్ వెళ్లి చేపలు కొనుక్కొచ్చి పులుసు పెట్టుకునే రోజులవి. ఒకప్పుడు ఆ రెండు ఊళ్ల నడుమ మూడు వేల మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. విమానంలో ఐదు గంటల సేపు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాల్సి వచ్చేది.

పొన్నగంటి ఉత్తమరావు ఆ దూరాన్ని మడిచేశాడు. చీర మడతపెడితే ఈ చెంగూ ఆ చెంగూ కలిసినట్టు, ఆయన మడతబండి స్పేస్‌ని మడిచి రెండు ఊళ్ల గుమ్మాలనీ ఒకదానికొకటి ఆనిస్తుంది. హెల్సింకిలో తుమ్మితే లిస్బన్‌లో 'చిరంజీవ' అనిపించుకోవచ్చు.

అంతటి ఉత్తమరావు లిస్బన్‌లో కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. మగపెళ్లివారిని హెల్సింకి నుంచి తన బండిలోనే రప్పిస్తానని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ముహూర్తం సాయంత్రం. పొద్దున్నే కబురొచ్చింది, పెళ్లివారు అక్కడి గుమ్మం ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారనీ, లేచేది లేదంటున్నారనీ.

ఆయన ఒక్క అడుగులో అక్కడికి వెళ్లాడు. వియ్యపురాలు నీలవేణి చాప మధ్యలో నిమ్మళంగా తమలపాకులకి సున్నం రాస్తోంది.

"ఎదురుకోలు ఎక్కడ చేస్తున్నారు అన్నయ్యగారూ?"

"మా గుమ్మంలోనే చెల్లెమ్మగారూ."

"మీ గుమ్మం దాకా మేమే వస్తే ఇక మీరు ఎదురొచ్చిందేముంది? సగం దారి మేం, సగం దారి మీరు. పానకం బిందె సగం దారిలోనే అందుకోవడం మా ఇంటి ఆచారం."

పెళ్లి ఆగిపోదు సరే, కానీ ఎదురుకోలు లేకుండా వచ్చిన కోడలని తన పిల్లని జీవితమంతా దెప్పుతారని ఉత్తమరావు భయం. బండిని నడిపే యంత్రం చుక్కానిని పక్కకి పిలిచి, బండిని దారి మధ్యలో ఆపమన్నాడు.

"మధ్య లేదు సార్," అంది చుక్కాని. "మీరే తీసేశారు."

ఆయన తల గోక్కున్నాడు. భార్య కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే చూసిన మనిషి కాబట్టి ఉపాయం తట్టింది. మడతని బిగించకుండా కాస్త వదులు చెయ్యమన్నాడు. చుక్కాని అలాగే చేసింది. రెండు గుమ్మాల నడుమ పెళ్లిపందిరంత చోటు ఉబ్బింది.

అటునుంచి నీలవేణి బలగం, ఇటునుంచి పానకం బిందెలు, పన్నీరుబుడ్లు. మొదటి గ్లాసులో ఉత్తమరావు బావమరిది మిరియాల పొడి దండిగా కలిపాడు. పెళ్లికొడుకు మేనమామ దగ్గి దగ్గి, తేరుకుని, వాడి జేబులో రెండో గ్లాసు ఒంపాడు. అక్కడినుంచి వేళాకోళాలు, చుట్టరికాలు తవ్వుకోవడాలు, పేకాట. ముహూర్తం ముంచుకొస్తోందని చుక్కాని మూడుసార్లు మొత్తుకుంటేగానీ ఎవరూ లేవలేదు. మంగళసూత్రం కట్టేవేళకి నీలవేణి పెళ్లికూతురి బుగ్గలు పుణికి, మీ నాన్న మర్యాద తెలిసినవాడే అంది.

ఏడాది తిరిగేసరికి ఆ వదులుచోటు కావాలని ప్రయాణికులంతా అడగసాగారు. అక్కడ టీకొట్టు వెలిసింది, బల్లలు పడ్డాయి, చేపలకని బయల్దేరినవాళ్లు అక్కడే కబుర్లలో పడ్డారు. ఇళ్లలో పులుసులు మధ్యాహ్నం నుంచి రాత్రికి మారాయి.

ఒకరోజు ఆ చోట్లో పేకముక్కలు పంచుతున్న ఉత్తమరావుని చుక్కాని అడిగింది.

"సార్, హెల్సింకి నుంచి లిస్బన్‌కి ఇప్పుడు జనం సగటున ఐదు గంటలు తీసుకుంటున్నారు. పాత విమానం టైమూ ఇంతే కదా?"

"విమానంలో కాళ్లు చాపుకోనిచ్చేవాళ్లా?" అని ఆయన ముక్క దించాడు.