ఓపిక పలక

ఆ పూట ముప్పై ఏడోసారి నూకరత్నం తన చెయ్యే ఓపిక పలక మీద ఆనించింది. అంకె డెబ్బై ఎనిమిది. "పద తల్లీ, అయిపోయింది" అంటూ వరసలో నిలబడ్డ మనిషికి ఆమె పేరున్న బిళ్ల తిరిగిచ్చేసింది.

సముద్రపు నీటిని తాగునీరు చేసే భీమిలి ఉప్పుతీత కేంద్రంలో నీటి తలుపుల కాపరులకు ఓపిక కొలిచే ఉద్యోగం ఆమెది. అంకె నలభైకి తగ్గితే విరామపురికి పంపేస్తారు. పేరుకే విశ్రాంతి, వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. అందుకే నాలుగు నెలల కిందట చేసాయం పుట్టింది. బిళ్ల అలసినవాళ్లది, చెయ్యి నూకరత్నానిది. అందరికీ ఒకే అంకె ఎలా వస్తోందని పైవాళ్లు ఏనాడూ అడగలేదు. బాగున్న అంకెను ఎవరడుగుతారు కనుక!

తర్వాత పైడితల్లి. బిళ్ల చేతిలో పట్టుకుని, ఇవ్వడం మరిచిపోయి గోడకేసి చూస్తోంది.

"ఏటే, నిద్దర పోనేదా?"

"పోనాను, లేసినాను. నిన్న మాయమ్మ సచ్చిపోనాదని కబురొచ్చింది. సర్లే అన్నాను. మూడో తలుపు తిప్పినాను." ఆ గొంతులో ఏడుపు లేదు, బాధా లేదు.

నూకరత్నం బిళ్ల అందుకోబోయి ఆగింది. "ఎన్ని తలుపులే నీకిప్పుడు?"

"పద్నాలుగు. అందరికీ అంతే. మొదట్లో ఆరే గదా. మా అంకె బాగుందని నెలకి రెండు కలిపినారు."

తలుపులు పంచేది వేరే విభాగం. నాలుగు నెలలుగా ఆ సంగతే తెలీదు తనకి. ఛీ, ఎంత గుడ్డిదాన్ని! సాయమనుకుని చాపిన చెయ్యే వీళ్ల నడ్డి విరుస్తోంది. చెయ్యి ఒళ్లోకి లాక్కుంది.

"నన్ను అంపేత్తావా అక్కా?" పైడితల్లి కళ్లలో మొదటిసారి భయం కదిలింది.

"ఒక్కదాన్నయితే అంపేత్తారు." నూకరత్నం లేచి గొంతెత్తింది. "ముందెళ్లినోళ్లంతా ఎనక్కి రండి! ఇయ్యాల ఎవరి సెయ్యి ఆళ్లదే."

"మతి పోనాదేటే? అందరం పోతాం!" అరిచాడు వరసలోని ముసలి వరహాలు.

"నలబై ఒక్కమందినీ అంపేత్తే తలుపులెవరు తిప్పుతారు బావా?"

గొణుక్కుంటూనే వచ్చి ఎవరి చెయ్యి వాళ్లు ఆనించారు. ఇరవై తొమ్మిది. పద్దెనిమిది. ముప్పై ఒకటి. పైడితల్లిది పదకొండు. ఆఖరున నూకరత్నం తన బిళ్ల పెట్టి తన చెయ్యి ఆనించింది.

గోడలోంచి మర గొంతు పలికింది: "అర్హులు ఒకరు. నూకరత్నం, ఓపిక డెబ్బై ఎనిమిది. ఐదువందల డెబ్బై నాలుగు తలుపులు మీకు కేటాయించబడ్డాయి. విధుల్లో చేరండి."

నూకరత్నానికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. బిళ్ల తీసి నేలకేసి కొట్టి, పైడితల్లి పక్కన చతికిలబడింది.

"విధుల్లో చేరండి" అంది గోడ మళ్లీ. తలుపులు తిప్పేవాళ్లు లేక లోపల ఒక్కో పంపే ఆగిపోతోంది. ఊరికి ఇక మిగిలిన నీళ్లు రెండు గంటలకే.

"మీయమ్మ పేరేటే?" అడిగింది నూకరత్నం.

పైడితల్లి చాలాసేపు వెతుక్కుంది. "పోలమ్మ" అంది. అప్పుడు బావురుమంది.