కార్ఖానాలో మిగిలిన చివరి మెషీన్

"మీ వైపే ఏదో తేడా ఉందండీ," అంది నీహారిక ఫోన్లో.

"నా దిక్కేం లేదు మేడం. పింగ్ కొడితే జవాబు మంచిగనే వస్తున్నది," అన్నాడు హరికిషన్.

"పింగ్ వస్తే సరిపోతుందా? మెషీన్ రావద్దూ?"

బయట వాన పడుతోంది. కార్ఖానా ఏరియాలోని ఒక మందుల కంపెనీ పాత ఆఫీసులో హరికిషన్ తప్ప మనిషి లేడు. నెల క్రితమే అందరూ రెజిమెంటల్ బజార్‌లోని కొత్త ఆఫీసుకు వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ కుర్చీలు కూడా తీసుకుపోయారు. సర్వర్ గదిలో బ్యాటరీ డబ్బా మీద కూర్చుని పని చేయడం, దాని మీదే టిఫిన్ బాక్స్ విప్పుకోవడం అతనికి అలవాటైపోయింది.

ఇక్కడి సర్వర్‌లో ఉన్న వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలో ఉండే కంప్యూటర్లను, ఆపకుండా, నడుస్తుండగానే, అక్కడి సర్వర్‌లోకి పంపడం అతని పని. కొత్త ఆఫీసులో వాటిని అందుకోవడం నీహారిక పని. అందుకోసమే ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకుని ప్రత్యేకంగా ఒక నెట్‌వర్క్ వేశారు. కంపెనీ మందుల షాపు కౌంటర్లో బిల్లు కొట్టేవాళ్లకు మెషీన్ ఇల్లు మారిన సంగతే తెలియకూడదు. ఇప్పటిదాకా తెలియలేదు కూడా.

ఇక మిగిలింది ఒక్క బిల్లింగ్ మెషీన్. అది వెళ్లిపోతే హరికిషన్ కాంట్రాక్టు అయిపోతుంది. లాలాగూడ ఇంటికి వెళ్లి వేరే పని వెతుక్కోవాలి. దానికి అతనికి బెంగ లేదు. బెంగంతా ఈ గొంతు గురించే.

ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. పని మాటలు అయ్యాక ఆమె "తిన్నారా?" అనేది. "తిన్న. మీరు తిన్నరా?" అనేవాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ మళ్లీ కేబుళ్ల దగ్గరికే వచ్చేవారు. రోజు మొత్తంలో అతనితో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకుని, చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ పంపి చూశాడు. మెషీన్ కొంత వెళ్లి ఆగిపోయింది. అనుమానం వచ్చి, ఈసారి పెద్ద డేటా ప్యాకెట్‌తో పింగ్ కొట్టాడు. జవాబు లేదు. చిన్నవి పోతున్నాయి, పెద్దవి పోవడం లేదు.

"మేడం, మీ సర్వర్‌ల ప్యాకెట్ సైజు ఎంతున్నది? నా దిక్కు తొమ్మిది వేలు."

"పదిహేను వందలు," అంది నీహారిక చిన్నగా.

"గదేంది! నిన్న తొమ్మిది వేలే ఉండె గద. నిన్నటి మెషీన్లన్నీ మంచిగనే వచ్చినయ్. ఎవరన్న కెలికిన్రా? పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గర్నే..."

"నేనే మార్చానండీ. పొద్దున్నే. తిట్టండి, పడతాను. ఇది కూడా వచ్చేస్తే మీరింక ఫోన్ చెయ్యరుగా. ఈ ఒక్కరోజు ఆగితే బాగుండనిపించింది. కాకినాడ నుంచి వచ్చి రెండేళ్లయింది. ఈ ఊళ్లో నన్ను 'తిన్నారా?' అని అడిగేది మీరొక్కరే."

హరికిషన్‌కు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నెల రోజులుగా ఒంటరితనమంతా తన గదిలోనే ఉందనుకున్నాడు.

"జెర తొమ్మిది వేలు పెట్టున్రి," అన్నాడు.

"కోపమొచ్చిందా?"

"కోపమేంది? మెషీన్‌ను పంపిస్త. దాని ఎనుక నేను సుత వస్త. ముందుగాల దాన్ని రానియ్యున్రి, పాపం, పొద్దటిసంది పరేషాన్ అయితున్నది."

ఆమె నవ్వి అంకె మార్చింది. ఈసారి మెషీన్ ఎక్కడా ఆగలేదు. కౌంటర్లో ఎవరివో జ్వరం మాత్రలకు బిల్లు మామూలుగానే వచ్చింది.

హరికిషన్ పాత సర్వర్ ఆపేశాడు. ఫ్యాన్ల హోరు తగ్గి గది నిశ్శబ్దమైంది. నిన్నటిదాకా ఈ నిశ్శబ్దానికే భయపడ్డాడు.

"వచ్చేసిందండీ," అంది ఫోన్లో. "మరి మీరు?"

"షట్టర్ దించుతున్న. మిమ్మల్ని ఎట్ల గుర్తుపట్టాలె?"

"మా ఆఫీసు మెట్ల కింద నిలబడతాను. తిన్నారా అని అడిగేది నేనే."

"ఇయ్యాల తినలేదనే చెప్త," అన్నాడు హరికిషన్, తాళం వేస్తూ.