పరాయి పలకకు పెట్టిన బువ్వ

గల్ఫ్‌లోని మీనా సల్మాన్ రేవులో ఎండాకాలం మధ్యాహ్నమంటే పనివాళ్ళకు పండగ. ఆ వేళ ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. లారీలు ఆగిపోతాయి, మనుషులు నీడ దొరికిన చోట నడుం వాలుస్తారు. టైల్స్ గోదాములో సామాను మోసే రాజనర్సుకు మాత్రం ఆ రోజు కంటి మీద కునుకు లేదు. మర్నాడే విమానం. జగిత్యాలలో భార్య ఉమారాణికి నెలలు నిండాయి. రెండుసార్లు కడుపు నిలవకుండా పోయాక దక్కబోతున్న బిడ్డ. ఈ ఒక్క బిడ్డ చేతికొస్తే చాలు, గల్ఫ్ మొహం మళ్ళీ చూడనని ఒట్టు పెట్టుకున్నాడు.

కునుకు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజుకి వాళ్ళ నాన్న పోయి ఏడాది. అప్పుడు సెలవు దొరకలేదు. తమ్ముడు తలకొరివి పెడుతుంటే పెద్దకొడుకు ఫోన్‌లో చూశాడు, అదీ సగమే. మధ్యలో నెట్ పోయింది. ఆ బాధ రాజనర్సుకు ఏడాదిగా గొంతులో ముల్లులా ఉంది. కనీసం ఈ రోజైనా నాన్నకు ఇంత బువ్వ పెట్టాలి. పనివాళ్ళుండే క్యాంపు గదిలో అగరుబత్తి ముట్టిస్తే పొగ అలారం మోగి అందరూ మీద పడతారు. అందుకని గోదాము వెనక గది గుర్తుకొచ్చింది.

ఆ గది చెన్‌ది. చెన్ చైనా నుంచి వచ్చిన ముసలి వడ్రంగి. విరిగిన చెక్కపెట్టెలు బాగుచేస్తూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా బతికాడు. చలికాలంలో ఆ గదిలోనే పోయాడు. గోదాము లెక్కలు చూసే లిన్ అనే చైనా ఆవిడ గోడకు చిన్న అర కొట్టించి, ఆయన పేరు చెక్కిన నల్లటి చెక్కపలక నిలబెట్టింది. మనం ఫోటోకు దండ వేసినట్టు వాళ్ళకది. కొడుకెవరైనా వచ్చి పట్టుకుపోతాడని చూసింది. ఎవరూ రాలేదు.

చైనావాళ్ళ లెక్కలో అది చనిపోయినవాళ్ళు బయట తిరిగే నెల. లిన్ రోజూ గేటు బయట నేల మీద అన్నం, నారింజపళ్ళు పెట్టి, కాగితం బట్టలు కాల్చేది. గది తలుపు మీద, తాయెత్తు కట్టినట్టు, ఎర్ర రాతల పసుపు కాగితం అంటించింది. పలక ముందు మాత్రం మెతుకు పెట్టేది కాదు, ఒక అగరుబత్తి గుచ్చి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. రాజనర్సుకు ఇది బొత్తిగా నచ్చలేదు. వీధిలో పోయే దిక్కులేనివాళ్ళకు విస్తరి వేసి, ఇంట్లో ముసలాయన్ని పస్తు పెట్టడమేమిటి?

"ఆ కమ్రలకు పోకు భాయ్," అన్నాడు ముఖ్తార్. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే హైదరాబాదీ. "వాళ్ళ ముర్దాల హిసాబు వేరే ఉంటది."

"సచ్చినోళ్ళల్ల చైనా వేరు, జగిత్యాల వేరు ఉంటదా? అందరికీ ఆకలి ఒక్కటే."

అని టిఫిన్ డబ్బా పట్టుకుని లేచాడు. ముఖ్తార్ మొహం మీద తువ్వాలు కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

బయట దుమ్ము లేచింది. గోదాము కిటికీల్లోంచి వచ్చే ఎండ పసుపుపచ్చగా మారి, క్షణాల్లో మసకైపోయింది. రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. తలుపు తోస్తుంటే భుజం తగిలి పసుపు కాగితం చిరిగింది. గదిలో పాత కొయ్యపొట్టు వాసన, దాని కింద ఇంకేదో తడి వాసన. ఎప్పుడూ నీళ్ళు చూడని ఆ గదిలో తడి ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు.

అర మీద చెన్ గిన్నె, అన్నం తినే పుల్లలు ఉన్నాయి. గిన్నె తుడిచి అన్నం పెట్టాడు. కోడికూర వేశాడు. నాన్నకు చాయ్ లేనిదే ముద్ద దిగేది కాదు కాబట్టి చిన్న గ్లాసులో చాయ్ పోశాడు. అగరుబత్తి ముట్టించి చేతులు జోడించేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"బాపూ... నీ సావుకు రాలేకపోయిన. మాఫ్ చెయ్యి. తిను బాపూ. రేపు ఇంటికి పోతున్న. ఉమకు ఇయ్యాలో రేపో అన్నట్టుంది. నువ్వే మల్ల నా కడుపున పుట్టు. నా ఇంటికి రా..."

జగిత్యాల వైపు పెద్దలకు పెట్టాక తలుపు దగ్గరగా వేస్తారు. మనుషులు చూస్తుంటే వాళ్ళు తినరట. రాజనర్సు కూడా తలుపు వేసి, బయట ఒక పెట్టె మీద కూర్చున్నాడు. గుండె కాస్త తేలికైంది.

కాసేపు రేకుల చప్పుడే. తర్వాత అదీ ఆగింది. గాలి ఆగలేదు, చప్పుడే ఆగింది.

లోపల కొయ్య మీద వడ్రంగి రందా పట్టినట్టు... సర్ర్... సర్ర్...

ఎలుకలనుకున్నాడు.

తర్వాత పుల్లలు గిన్నెకు తగిలిన చప్పుడు. టక్. టక్. ఎవరో తింటున్నారు. ఆబగా... నమలకుండా... మింగుతున్నారు.

ఆపైన గొంతు. తలుపుకు ఆనించి మాట్లాడుతున్నంత దగ్గరగా.

"బా...పూ..."

అది పిలుపు కాదు. కొత్తగా నేర్చుకుంటున్న మాటను నోట్లో తిప్పి చూసుకుంటున్నట్టుంది.

"నా... ఇంటికి... రా..."

నాన్న గొంతు కాదు. నాన్న గొంతు కానే కాదు! రాజనర్సు తలుపు వైపే చూస్తూ పెట్టె మీంచి లేచాడు.

భుజం మీద చెయ్యి పడింది. కెవ్వుమన్నాడు. లిన్! అగరుబత్తి పొగ చూసి పరుగెత్తుకొచ్చినట్టుంది. పసుపు కాగితం చిరిగి ఉన్న తలుపుని చూసింది, ఖాళీ టిఫిన్ డబ్బాని చూసింది.

"ఏమని పిలిచావు?" అంది గుసగుసగా. గల్ఫ్‌లో అందరూ మాట్లాడుకునే ఆ కలగలుపు హిందీలోనే.

చెప్పాడు. నాన్నా అన్నానని చెప్పాడు. నా బిడ్డగా పుట్టమన్నానని చెప్పాడు.

లిన్ గోడ పట్టుకుంది. "పరాయివాళ్ళకు బయట పెట్టాలి. నేల మీద. వరస కలపకుండా. లోపల, పలక ముందు... కొడుకే పెట్టాలి. పెట్టినవాడే కొడుకు. నీ కొడుకు ఆయనకు మనవడు. చెన్ ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది దానికే."

"ఇప్పుడెట్ల?"

"అగరుబత్తి ఆరకముందే చెప్పు. నువ్వు నా తండ్రివి కావు, పో, అని. గట్టిగా చెప్పు. నువ్వే చెప్పాలి."

తలుపు తోసింది. గిన్నె నాకినట్టు ఖాళీగా ఉంది. చాయ్ మాత్రం ముట్టలేదు. గ్లాసు మీద ఇంకా ఆవిరి లేస్తోంది. నల్లపలక ఇందాకటిలా ఎదుటి గోడ వైపు కాకుండా, సరిగ్గా అతని వైపు తిరిగి ఉంది. అగరుబత్తి కొసకొచ్చింది.

రాజనర్సు నోరు తెరిచి, ఆవిరి లేస్తున్న గ్లాసు వైపు చూశాడు. ఈ రోజు నాన్న ఏడాది. ఇంత దూరం, సముద్రం దాటి, కొడుకు పిలిచాడని నాన్న కూడా వచ్చి ఉంటే? చాయ్ ముందు కూర్చుని ఉంటే? చావుకు రాని కొడుకు, వచ్చినవాణ్ణి పొమ్మంటాడా?

"చెప్పు!" అంది లిన్.

నిప్పు బూడిదలోకి దిగుతోంది. ఉమారాణి కళ్ళ ముందు మెదిలింది. కడుపు మీద చెయ్యేసుకుని నవ్వే ఉమారాణి.

"నువ్వు నా బాపువి కావు!" అని అరిచాడు. "పో! నా ఇంటికి రాకు! పో!"

అగరుబత్తి ఆరిపోయింది. గదిలో ఎవరో బరువుగా నిట్టూర్చినట్టయింది. చాయ్ మీది ఆవిరి ఆగిపోయింది. రేకులు మళ్ళీ టపటపలాడాయి. లిన్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. రాజనర్సు నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. ఉమారాణి. స్పీకర్ నొక్కాడు.

"పిలగాడు పుట్టిండయ్యా." గొంతు నీరసంగా ఉంది, కానీ నవ్వుతోంది. "పొద్దుగాల్నే నొప్పులచ్చినయి. నువ్వు భయపడతవని చెప్పలే. మంచిగున్నడు."

"ఉమా... పిలగాడు నీ దగ్గర్నే ఉన్నడా?"

"లేడు. బయట వరండల ఉన్నడు, తాత దగ్గర."

"ఏ తాత?"

"నేను గూడ గదే అడిగిన. నర్సమ్మ చెప్పింది. పిలగాన్ని బయటికి తీస్కపోయి, తాత ఎవరంటే ఇద్దరు ముసలోళ్ళు లేచిండ్రంట. ఒకాయన భుజం మీద గొంగడి ఏస్కొని, మామ తీర్గనే ఉన్నడంట. చేతులు చాపిండంట. అంతల్నే ఎవరో కసిరినట్టు ఆగిపోయి, మొఖం కిందికేస్కొని, ఏడ్సుకుంట మెట్లు దిగి పోయిండంట. ఇప్పుడే, గింత సేపయింది. ఇగ రెండో ఆయనే ఎత్తుకున్నడు... ఎవరయ్యా వాళ్ళు? నువ్వు పంపినవా?"

రాజనర్సు ఫోన్‌ను చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఫోన్‌లో, ఉమారాణి గొంతు వెనక, ఎక్కడో వరండాలో, పిల్లాడు ఏడుస్తున్నాడు. ఎవరో ముసలి గొంతుతో జోలపాట పాడి ఊరుకోబెడుతున్నారు. ఏడుపు తగ్గింది. ఆ పాట మాటలు ఉమారాణికి తెలియవు. రాజనర్సుకు తెలియవు.

పక్కన నిలబడ్డ లిన్ పెదవులు మాత్రం, ఆమెకు తెలియకుండానే, పాటతో పాటు కదులుతున్నాయి.