తనూజ కట్టిన గట్టు

"తనూజా, నీ మొక్కలకి కామెర్లు వచ్చాయే!"

అన్నం ప్లేటు కడిగి వస్తున్న తనూజ చివ్వున తల తిప్పింది. బడి పెరట్లో క్రాంతి కుమార్ ఇకిలిస్తున్నాడు. వాడి వరసలో మొక్కజొన్న వాడి నడుము దాటిపోయింది. తనూజ వరస మాత్రం మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఆకులు కూడా పసుపు రంగుకి తిరిగి వాడిపోయాయి.

ఐదో తరగతి పిల్లలకి రెండు రకాల విత్తనాలిచ్చింది పుష్పావతి టీచరే. ఒకటి ఏపుగా పెరిగే రకం. రెండోది పొట్టిది, కానీ గింజల్లో మాంసకృత్తులు ఎక్కువ. బాగా వచ్చిన రకాన్నే వచ్చే ఏడు పెరడంతా వేద్దామన్నారు.

తనూజ పొట్టిదాన్నే అడిగి తీసుకుంది. "మా చెల్లిలాగా టీచర్! చిన్నదే గానీ భలే గట్టిది" అంది.

విత్తనాలు వేయించాక టీచర్ ఏదో ట్రైనింగ్ కోసం గుడివాడ వెళ్లారు. తన మొక్కలు వెనకబడుతుంటే తనూజకి ప్రాణం ఉసూరుమంది. నాన్న వరికి చేసినట్టే వరస చుట్టూ మట్టి గట్టు కట్టి, రోజూ బకెట్లతో నీళ్లు నిలబెట్టింది.

నిన్న రాత్రి అన్నాల దగ్గర ఆ మాట చెబితే నాన్న గతుక్కుమన్నాడు. "అయ్యో తల్లీ! అది వరి కాదమ్మా. నీళ్లు నిలిస్తే దాని వేళ్లకి ఊపిరాడదు."

తనూజ ఇవాళ పొద్దున్నే బడికి వచ్చి గట్టు తొక్కేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో గుడివాడ నుంచి తిరిగొచ్చిన టీచర్ పెరట్లోకి వచ్చారు. పొట్టి మొక్కల్ని చూసి నిట్టూర్చారు. "పాపం, ఇది మన నేలకి పడలేదర్రా. వచ్చే ఏడు పొడుగుదే వేద్దాం."

తనూజ తను తొక్కేసిన గట్టు వైపు చూసింది. చెబితే క్రాంతి ఏడాదంతా ఏడిపిస్తాడు. చెప్పకపోతే? ఏ పాపమూ ఎరగని మొక్కకి చెడ్డపేరు!

"గింజ తప్పేం లేదు టీచర్. నేనే గట్టు కట్టి నీళ్లు నిలబెట్టాను." కళ్లనీళ్లు జలజలా రాలాయి.

క్రాంతి నవ్వలేదు. టీచర్ ఆమె తల నిమిరి, సంచిలోంచి గుప్పెడు పొట్టి గింజలు తీసి చేతిలో పోశారు. "అయితే దానికి ఇంకో అవకాశం ఇవ్వాలిగా!"

తనూజా, క్రాంతీ కలిసి నీళ్లు నిలవని మెరక చోట మళ్లీ విత్తారు. కొన్నాళ్లకి లేత మొలకలు తలెత్తాయి. క్రాంతి హుషారుగా బకెట్ మోసుకొచ్చాడు.

తనూజ మట్టిలో వేలు గుచ్చి చూసింది. ఇంకా చెమ్మగానే ఉంది.

"ఆగరా," అంది మెల్లగా. "ముందు దానికి దాహం వేయనీ."