ఫెయిలవ్వాల్సిన టెస్టు

ఆ ఉదయం ఏజెంట్ లెవెన్ చెయ్యాల్సిన పనులు నాలుగు. కాంట్రాక్ట్ టెస్టర్ వేషంలో రైల్వే సిగ్నల్ సెంటర్‌లోకి దూరడం. కొత్త సాఫ్ట్‌వేర్‌లో విదేశీ ముఠా ఏం కలిపిందో కనిపెట్టడం. మిట్టమధ్యాహ్నం పన్నెండుకి సిగ్నళ్ళన్నీ దానికి మారేలోపు ఆపించడం. చేతులు వణక్కుండా చూసుకోవడం.

నాలుగోది గేటు దగ్గరే చెయ్యిదాటిపోయింది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆమెకి టెస్టింగ్ నేర్పిన మాస్టారు పోయినవారం ఇదే సెంటర్‌లో డ్యూటీ చేస్తూ హత్యకి గురయ్యారు. ఆయన పాఠాలు చెప్పేవారు కాదు. బల్లమీద స్టేప్లర్ పెట్టి అడిగేవారు.

"ఇది పనిచేస్తోందా?"

"చేస్తోంది సార్."

"నీకెలా తెలుసు?"

"టక్కుమంది కదండీ!"

"పిన్నులు అయిపోయినా టక్కుమంటుంది తల్లీ. చప్పుడు విని సంతకం పెట్టేస్తావా? మళ్ళీ మొదలుపెట్టు."

అలా నాలుగు నెలలు, రోజుకో వస్తువు.

లోపల రిలీజ్ మేనేజర్ ఎదురొచ్చింది. ముత్యాల దుద్దులు, సినిమాతార నవ్వు.

"బయట వానా?"

"గొడుగు లిఫ్టులో మర్చిపోయాను."

కోడ్‌వర్డ్ కలిసింది. హెడ్‌క్వార్టర్స్ చెప్పిన 'మన మనిషి' ఈమే.

"భయపడకు చెల్లీ. టెస్టులన్నీ నా టూల్‌లోనే నడుపు. పచ్చలైటొస్తే ఫారం మీద సంతకం పెట్టి ఇంటికెళ్ళిపో."

టెస్టర్ సంతకం లేనిదే సాఫ్ట్‌వేర్ మార్చకూడదని రూలు; మార్చే మీట మాత్రం మేనేజర్ చేతిలోనే ఉంది. లెవెన్ జేబులోని పెన్ను సంతకానికీ పనికొస్తుంది. మూత తిప్పితే 'ఆపండి' అని హెడ్‌క్వార్టర్స్‌కీ చెబుతుంది.

పదకొండూ నలభై. నాలుగువందల పన్నెండు టెస్టులు. అన్నీ పచ్చ. హమ్మయ్య అనుకుంటూ పెన్ను తీసింది.

నీకెలా తెలుసు?

చెవిలో మాస్టారి గొంతు. గబగబా ఇంకో టెస్టు రాసింది: రెండూ రెండూ కలిపితే ఐదు. ఇది ఫెయిలై తీరాలి.

పచ్చలైటు.

పిన్నుల్లేని స్టేప్లర్! టూల్‌ని పక్కకి నెట్టి, పన్నెండింటికి పడబోయే సిగ్నళ్ళని చేత్తో నడిపి చూసింది. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు. రెండింటికీ దారి ఇచ్చేసింది సాఫ్ట్‌వేర్.

వీపుకి చల్లగా ఏదో తగిలింది. పిస్టల్.

"ఇంకా సంతకం కాలేదా చెల్లీ?" వెనక నుంచి అదే తియ్యటి గొంతు. "మీ మాస్టారూ ఇలాగే నాన్చాడు."

పదకొండూ యాభై తొమ్మిది.

"పెన్ను రాయట్లేదక్కా," అంది లెవెన్, ఏడుపు గొంతుతో. ఏడుపు నటన కాదు. "ఒక్క నిమిషం..."

మూత తిప్పింది.

పన్నెండుకి రెండు సెకన్ల ముందు తెరలన్నీ ఆరిపోయాయి. తలుపులు బద్దలయ్యాయి. మేనేజర్ తిరిగి చూసేసరికి ముగ్గురు గార్డులు ఆమె మీద ఉన్నారు.

"టూల్ అంతా పచ్చగానే ఉంది కదే!" అని అరిచింది.

"అందుకేనక్కా పట్టుబడ్డావు," అంది లెవెన్, కుర్చీ పట్టుకుని.

సాంకేతిక లోపం అన్నాయి వార్తలు. రైళ్ళు పావుగంట నిలిచిపోయాయని జనం తిట్టుకున్నారు. ఈసారి మీ రైలు దారిలో ఊరికే ఆగితే, తిట్టేముందు, బల్లమీద స్టేప్లర్ పెట్టి "నీకెలా తెలుసు?" అని అడిగిన ఒక మాస్టారిని దయచేసి ఒక్కసారి తలుచుకోండి.