ఇంద్రమ్మ చేతికి ఆగిపోయే గడియారం

ఇంద్రమ్మ స్నానం చేసి దేవుడి గూటి ముందు కూర్చుంది. మల్లన్న పటానికి పసుపు కుంకుమలు పెట్టి దీపం వెలిగించింది. పటం పక్కన ఇత్తడి పళ్లెంలో పెట్టిన చేతి గడియారాన్ని రెండు చేతులతో తీసుకొని కళ్లకద్దుకుంది. అప్పుడు చూసింది, సెకన్ల ముల్లు కదలడం లేదు.

“ఇయ్యాల సుత గిదే కథనా మల్లన్నా?” అంది, ఇంట్లో మనిషిని అడిగినట్టు.

చేతిలో చాయ్ గ్లాసుతో మనవరాలు శివాని వచ్చింది. ఊళ్లోనే ఇంటర్ చదువుతోంది. “మళ్లీ ఆగిందా నానమ్మా?”

“ఆగింది బిడ్డా. ఎంతయిందో చెప్పు, మీ నాయిన చూడకముందే నడిపిస్త.”

శివాని ఫోన్ చూసి చెప్పింది. ఇంద్రమ్మ గడియారం పక్కనున్న చిన్న మరను గోరుతో మెల్లగా బయటికి లాగి, ముళ్లను వెనక్కి కాకుండా ముందుకే తిప్పి, సరైన సమయానికి తెచ్చి, మరను మళ్లీ లోపలికి నొక్కింది. చేతిని రెండుసార్లు ఊపింది. ముల్లు కదిలింది. చెమట తగిలే పట్టీని పాత పంచె గుడ్డతో తుడిచి మణికట్టుకు పెట్టుకుంది. కొడుకు ఎలా చెప్పాడో అలాగే చేసేది. నీళ్లు ముట్టుకునే ముందు తీసేది. టీవీ పక్కన, ఫోన్ పక్కన పెట్టేది కాదు. చిన్నపిల్లను చూసుకున్నట్టే చూసుకునేది. అయినా అది ఆమె దగ్గర నిలిచి నడవడం లేదు.

ఆమె కొడుకు వేణుకు ఊళ్లో సిమెంటు, ఇనుప సామాన్ల దుకాణం ఉంది. ఆ దుకాణం పెట్టకముందు ఇంటిని నడిపింది బస్సు డిపో పక్కన ఇంద్రమ్మ కొట్టిన జొన్నరొట్టెలే. భర్త పోయినప్పుడు వేణు బడికి కూడా పోని పిల్లవాడు. ఆ రోజు మొదలుకొని కంగ్టి బస్సు డ్రైవర్లు, కల్హేర్ నుంచి అంగడికి వచ్చే రైతులు ఆమె రొట్టె, పచ్చిమిరపకాయ కారం తిని పోయేవాళ్లు. వేణు పెద్దవాడయ్యాక ఆ దారిలో వెళ్లినా తల్లి పొయ్యి దగ్గర ఆగేవాడు కాదు. తన దుకాణానికి వచ్చేవాళ్లు చూస్తారని బండి వేగం పెంచేవాడు. ఇంద్రమ్మ అది గమనించింది కానీ ఎన్నడూ అడగలేదు.

పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొయ్యి పక్కనే ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. వేణు పరుగెత్తుకొని వచ్చి ఎత్తుకొని దవాఖానకు తీసుకుపోయాడు. బీపీ అన్నారు, గోలీలు రాసిచ్చారు. ఆ మరునాడే పొయ్యి, రొట్టెలు కాల్చే పెంక మేడ మీదికి పోయాయి. వరండాలో మెత్తటి కుర్చీ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఈ గడియారం వచ్చింది.

“సెల్లు వద్దు, చావి వద్దు. చెయ్యి ఆడుతుంటే దానంతట అదే నడుస్తది. ఇగ నువ్వు రాణి లెక్క కూసో,” అని వేణు తన చేతులతోనే తొడిగాడు. ఆ రోజు ఇంద్రమ్మ నిజంగానే మురిసిపోయింది. కొడుకు ప్రేమగా ఇస్తే ఏ తల్లి మురవదు? కానీ కూర్చోబెట్టడమూ ప్రేమేనా అన్న ప్రశ్న తర్వాత్తర్వాత మొదలైంది. ఆ ప్రశ్న ఆమె మల్లన్నను తప్ప ఎవరినీ అడగలేదు.

గడియారం మళ్లీ ఆగిన ఆ పొద్దున, దుకాణానికి బయలుదేరుతూ వేణు తల్లి చేతిని పట్టుకొని చూశాడు. తర్వాత కూతురి ముఖం చూశాడు. శివానికి నిజం దాచడం రాదు.

“మళ్లీ ఆగింది గదా?”

“ఆగింది. నడిపిచ్చిన,” అంది ఇంద్రమ్మ.

“రెండుసార్లు గడియారాల దుకాణంల చూపిచ్చిన అమ్మా. ఖరాబేం లేదంటుండు. మరి నీ కాడికి రాంగనే ఎందుకు ఆగుతుంది?”

“అయితే ఖరాబు నాలోనే ఉన్నట్టుంది.”

“నవ్వులాట కాదు. దినాం కుంకుమ పెడతవ్, ఊదుబత్తి పొగ పెడతవ్. గా పొడంత లోపలికి పోతుంది.”

“ఎనుక రేకుకు చిటికెడు పెడత బిడ్డా, మళ్ల తుడుస్త. నీ దుకాణంల కాంటాకు రోజూ బొట్టు పెడతవ్ గదా. అది ఎన్నడన్న తూకం తప్పిందా?”

శివాని ఫక్కున నవ్వింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు స్వరూపరాణి పెదవి బిగబట్టింది. అందరి ముందు ఓడినట్టయింది వేణుకు. అందుకే కాబోలు, రేపు చెబుదామనుకున్న మాట అప్పుడే అనేశాడు.

“రేపు పొద్దుగాల కల్హేర్ నుంచి రొట్టెలు అమ్ముకుంటనన్న నీలమ్మ వస్తది. పొయ్యి, పెంక తీస్కపోతది. డిపో కాడి జాగ సుత ఆమెకే మాట్లాడిన.”

ఇంద్రమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. “నన్ను అడిగినవా?”

“అడిగితే వద్దంటవ్.”

“వద్దంటనని తెలిసి సుత చేసినవ్.”

“నీ మంచికే చేసిన! గడియారం ఇటియ్యి.” వేణు దాన్ని తీసుకొని భార్య చేతిలో పెట్టాడు. “బీరువల పెట్టు. అమ్మకు వస్తువు కాపాడుడు తెల్వదు.”

అతను బండి ఎక్కి వెళ్లిపోయాడు. పొయ్యి పోతుందన్న మాటకన్నా, వస్తువు కాపాడడం తెలియదన్న మాటే ఇంద్రమ్మకు ఎక్కువగా గుచ్చుకుంది. ఒక పెంకను, ఒక పొయ్యిని, ఒక పిల్లవాడిని ఇంతకాలం కాపాడిన మనిషి ఆమె. ఏడవలేదు. వెళ్లి కుర్చీలో కూర్చుంది.

స్వరూపరాణి బీరువా దాకా పోయి ఆగింది. అత్తమ్మ ఆ గడియారాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకునేదో ఇంట్లో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మరి తప్పెక్కడ ఉంది? బొట్టులోనా? పొగలోనా? తేల్చుకుందామని దాన్ని తన చేతికే పెట్టుకుంది.

ఆ రోజు ఆమె ఇల్లు ఊడ్చింది, పప్పు చెరిగింది, మెట్లెక్కి బట్టలు ఆరేసింది, రొట్టెలు కొట్టింది. నీళ్ల పని ఉన్నప్పుడు మాత్రం గడియారం తీసి గూట్లో పెట్టింది. అటూ ఇటూ తిరుగుతుంటే వరండాలో అత్త కనిపించింది. ఇంద్రమ్మ కళ్లు రోడ్డు మీద ఉన్నాయి. రెండు అరచేతులు మాత్రం తమకు తామే మోకాళ్ల మీద మెల్లగా తట్టుకుంటున్నాయి, రొట్టె కొట్టే లయలో. స్వరూపరాణి చూస్తుండగానే ఇంద్రమ్మ లేచి చెంబు అందుకోబోయింది. స్వరూపరాణి అలవాటుగా ఉరికి తనే నీళ్లు అందించింది. అందించాక తన చేతిని, అత్త చేతిని మార్చి మార్చి చూసింది.

పడుకునే ముందు గడియారాన్ని అచ్చం అత్తలాగే ఇత్తడి పళ్లెంలో పెట్టింది. వెనుక చిటికెడు కుంకుమ పెట్టింది. ఊదుబత్తి కూడా వెలిగించింది.

తెల్లవారి చూస్తే గడియారం నడుస్తోంది.

నీలమ్మ ఆటోలో దిగింది. నలభై దాటని మనిషి, మాట నెమ్మది. వేణు మేడ మీది నుంచి పొయ్యి, పెంక దింపించి వాకిట్లో పెట్టించాడు. ఇంద్రమ్మ గడప దాటి రాలేదు.

“అక్కా, నీ రొట్టె తిన్నోళ్లు నా రొట్టె తింటరో లేదో,” అంది నీలమ్మ బెరుకుగా.

“తింటరు చెల్లె. పిండిల ఉడుకు నీళ్లు పోసినంక ఆలస్యం చేయకు. చల్లారనిస్తే రొట్టె ఇరుగుతది,” అంది ఇంద్రమ్మ. గొంతు గట్టిగానే ఉంది. కళ్లు మాత్రం పెంక మీది నుంచి కదలలేదు.

“ఆటో ఎక్కిద్దాం పట్టుర్రి,” అన్నాడు వేణు.

“ఒక్క నిమిషం ఆగుర్రి.” స్వరూపరాణి ముందుకు వచ్చి భర్త ముఖం ముందు చెయ్యి చాపింది. “గిది చూడుర్రి.”

“నడుస్తుంది. చూసినవా, దేవుని కాడ పెట్టకపోతే ఎంత మంచిగ నడుస్తుందో!”

“రాత్రంత దేవుని కాడనే ఉంది. బొట్టు నేనే పెట్టిన, పొగ నేనే పెట్టిన.”

వేణు ఆమె చేతిని దగ్గరికి లాక్కొని మళ్లీ చూశాడు. “మరి అమ్మ చేతికి...”

“అత్తమ్మ చెయ్యి ఆడితే గదా! నా చెయ్యి పొద్దంత ఆడుతది. అత్తమ్మ చీపురు పట్టొద్దంటిరి, చెంబు ముట్టొద్దంటిరి, కుర్చీ దిగొద్దంటిరి. నీళ్లు సుత నేనే అందియ్యాల్నంటిరి. నిన్న లేచి చెంబు పట్టుకోబోతే నేనే గుంజుకున్న. నాది సుత తప్పే. ఇగ గడియారం ఎట్ల నడుస్తది?”

ఆటో అతను బీడీ ముట్టించబోయి ఆగాడు. నీలమ్మ కొంగు సర్దుకుంది. వేణు ముఖం ఎర్రబడింది.

“అంటే నేను అమ్మను సతాయిస్తున్ననా? డాక్టర్ చెప్పిండు గద!”

“డాక్టర్ ఏం చెప్పిండో నేను పక్కనే ఉండి విన్న. ఎండల పొయ్యి కాడ నిలబడొద్దన్నడు. నీళ్లు తాగుమన్నడు, గోలీలు తప్పొద్దన్నడు, నడువుమన్నడు. కూసోమనలే. కూసోమన్నది మీరు.”

“నీకేం తెలుసు!” వేణు అరిచాడు. ఆ అరుపు మధ్యలోనే విరిగిపోయింది. “ఆ దినం నేను పోయేవరకు అమ్మ మట్టిల పడి ఉంది. తల కింద ఎవరో గోనెసంచి పెట్టిర్రు. పిలిస్తే పలకలే. చుట్టూర ఉన్న దుకాణపోళ్లంత చూస్తుండ్రు... గా దారిల దినాం పోతుంటి. ఒక్కనాడన్న ఆగి, అమ్మా ఎట్లున్నవ్ అనకపోతిని.” అతను అరుగు మీద కూలబడ్డాడు. “మళ్ల పొయ్యి కాడికి పోతే నువ్వు దక్కవని భయం అమ్మా. అంతే.”

ఇంద్రమ్మ అప్పుడు గడప దాటింది. కొడుకు పక్కన కూర్చొని అతని తల మీద చెయ్యి వేసింది.

“పిచ్చోడా. నేను పడ్డది ఎండకు, రొట్టెకు కాదు. గా రొట్టెలు కొట్టినన్ని దినాలు ఒక్కనాడు నీరసమనలే. గీ కుర్చీల కూసున్నంక మోకాళ్లు పట్టుకున్నయ్. రాత్రి నిద్ర వస్తలేదు. ఎవనికి చెప్పుకోను? కొడుకు మంచిగ చూసుకుంటుండని ఊరంత అంటుంటే, నాకు మంచిగ లేదని ఎట్లంటను?”

వేణు తల్లి అరచేతిని తీసుకొని చూశాడు. పెంక వేడికి గట్టిపడిన ఆ చేతిలో చర్మం మెత్తబడుతోంది. విశ్రాంతి ఇచ్చానని అనుకున్నాడు. ఆమె దగ్గరున్నదంతా తీసేసుకున్నానని ఇప్పుడు తెలిసింది. ఆ చేతిని ముఖానికి ఆనించుకొని ఏడ్చాడు.

“నాకు తెల్వలేదమ్మా.”

“నేను సుత నోరు తెరిచి చెప్పలేదు గదా. లే, మనుషులు చూస్తుండ్రు.”

నీలమ్మ మెల్లగా అడిగింది, “మరి నన్ను పొమ్మంటవా అక్కా?”

వేణు తల ఎత్తాడు. మాట ఇచ్చి పిలిపించిన మనిషి. తల్లి వైపు చూశాడు. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో ఒక నిర్ణయం కోసం అందరి కళ్లూ ఇంద్రమ్మ మీద నిలిచాయి. ఆమె ఎక్కువసేపు తీసుకోలేదు.

“ఎందుకు పోతవ్ చెల్లె? పొద్దు వాలినంకనే పెడదాం. నేను ఇవుతల నీడకు పీట ఏసుకొని కొడత. నువ్వు పెంక కాడ కాల్చు. వచ్చింది చెరి సగం.”

“గట్లయితే సెగ నాకు, పేరు నీకా?” అంది నీలమ్మ, భయం పోయి.

“పేరు సుత సగం ఇస్త తీయ్!”

అందరూ నవ్వారు. “డిపోకే పోనియ్యాలె గదా?” అని ఆటో అతను అడిగితే, వేణే లేచి పెంక ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం డిపో పక్కన పొయ్యి వెలిగింది. రేకుల పందిరి కింద ఇంద్రమ్మ పీట ముందు కూర్చొని, గోలీ వేసుకొని, పక్కన నీళ్ల చెంబు పెట్టుకొని మొదటి ముద్ద అందుకుంది. అరచేతుల కింద అది గుండ్రంగా విచ్చుకుంటూ పోయింది. కంగ్టి బస్సు దిగిన పాత డ్రైవర్ దూరం నుంచే కేక పెట్టాడు.

“పెద్దమ్మా! ఇన్ని దినాలు యాడికి పోయినవ్?”

“కొడుకు ఇంటికి సుట్టంగ పోయిన తమ్మీ,” అంది ఇంద్రమ్మ చేతులు ఆపకుండా. “మస్తు మర్యాద చేసిండు. ఇగ చాలనిపిచ్చి ఒచ్చిన.”

“కొడుకా? ఏ కొడుకు, నేనెన్నడు చూడలే?”

రోడ్డు పక్కన బండి ఆపి వేణు దిగాడు. అతని దుకాణానికి రోజూ వచ్చే మనుషులు ఇద్దరు ముగ్గురు అక్కడే రొట్టె కోసం నిలబడి ఉన్నారు. వేణు వాళ్ల మధ్య నుంచి వచ్చి, నీలమ్మ దగ్గర వేడి రొట్టె అందుకొని, తల్లి పీట పక్కన నేల మీదే కూర్చున్నాడు.

“నేనే అన్నా,” అన్నాడు డ్రైవర్‌తో. “మా అమ్మ రొట్టె ఎట్లుందో చెప్పు.”

ఇంద్రమ్మ వెంటనే కొడుకు వైపు చూడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకోబోతే చేతికి పిండి అంటి ఉంది. మోచేతితో తుడుచుకొని, నీలమ్మకు వినబడేలా అంది:

“చెల్లే, మా వేణుకు ఇంకొక్కటి ఎయ్యి. వానికి అంచులు బాగ కాలాలె.”