దెయ్యం రాసిన ఆఖరి మాట

చచ్చిపోయిన ఫోరం ఆ మధ్యాహ్నం లేచి కూర్చుంది.

మధురవాడ ఆఫీసులో ఉమాశంకర్ పక్కనున్న కిటికీ మబ్బుకి నల్లబడిపోయింది. పని తోచక, పాత అలవాటు కొద్దీ బ్రౌజర్లో 'మొదటాట' అని టైపు చేశాడు. ఏళ్లుగా ఏమీ తెరుచుకోని ఆ అడ్రసులో ఎర్ర తెర బొమ్మ వచ్చింది. దాని కింద ఒక లైను: 'ఇప్పుడు హాల్లో ఉన్నవారు: ఇద్దరు.'

ఒకడు తను. రెండో పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది.

బాల్కనీదెయ్యం.

ఉమాశంకర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

మొదటాట అంటే సినిమాల మీద కొట్టుకు చావడానికి పెట్టిన చోటు. హీరో చొక్కా రంగు మీద కూడా పేజీలకి పేజీలు వాదించుకునేవారు. గొప్పవాళ్లూ ఉండేవారు. ఎడిటింగంటే ఏమిటో ఉమాశంకర్ అక్కడే నేర్చుకున్నాడు. మూకలూ ఉండేవి. వాళ్ల హీరోని ఒక్క మాటంటే మనింట్లో ఎవర్నీ వదిలేవారు కాదు. ఎవరైనా తమ ఊరి యాసలో రాస్తే వారం రోజులు వెక్కిరించేవారు.

ఆ రొచ్చులో బెదరకుండా నిలబడింది బాల్కనీదెయ్యం ఒక్కతే. సెకండాఫ్‌ల గురించి ఆమెతో పోట్లాడి పోట్లాడి ప్రేమలో పడ్డాడు మనవాడు. ఆమెదీ విశాఖే అని తెలుసు. ఫోన్ నంబరు అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

మూతపడే ముందురోజు ఆమె తన అసలు పేరు చెప్పింది. ఖుష్నుమా. మర్నాడు అతను అడిగాడు: 'ఇది పోయాక నన్ను మర్చిపోతావా?' ఇంగ్లీషు అక్షరాల్లో జవాబొచ్చింది.

'nanu marchipo nu.'

ఆ ఫోరంలో 'nu' అంటే నువ్వు అని అందరికీ తెలుసు. నను మర్చిపో, నువ్వు. ఇంకేం మాట్లాడతాడు? చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చేశాడు. ఆ సాయంత్రమే మొదటాట పోయింది.

ఇప్పుడు పచ్చచుక్క పక్కన అక్షరాలు కదిలాయి.

'కోటవీధి పాత టాకీసు. బాల్కనీ. మ్యాట్నీ టైముకి రా.'

'అక్కడ ఆటలు లేవు కదా?'

'దెయ్యాలకి ఉంటాయి.'

చుక్క ఆరిపోయింది.

బైకు మద్దిలపాలెం దాటేసరికి వాన దంచి కొట్టింది. టాకీసు దగ్గర దిగేసరికి ఉమాశంకర్ తడిసి ముద్దయ్యాడు. గేటు తెరిచే ఉంది, మనిషి జాడ లేదు.

లోపల చీకటి. కింద కుర్చీలన్నీ పీకేశారు. వాటి చోట తెల్లగుడ్డ చుట్టినవేవో వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్కోటీ మనిషి పొడుగు. ప్రొజెక్టర్ కన్నంలోంచి వెలుగు చార ఒకటి చిరిగిన తెర దాకా పోతోంది. ఆ వెలుగులో తెల్లతెల్లగా ఏదో తేలుతోంది, కిందకి దిగదు, పైకి పోదు. ఎక్కడో ధుప్, ధుప్ మని దెబ్బలు.

"ఏటి, టైటిల్స్ అయిపోనాక వచ్చినావు?" బాల్కనీలోంచి ఆడగొంతు.

ఉమాశంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు... బతికే ఉన్నావా?"

"సచ్చిపోతే వైఫై పన్సేస్తాదేటి? మెట్లు అటున్నాయి, పైకి రా. అవి పరుపులు, బెదరకు. హాలిప్పుడు మా పరుపుల కొట్టు. మా అబ్బాజాన్ దూది కొడతన్నారు."

పైన ఒడిలో లాప్‌టాప్‌తో ఒకమ్మాయి కూర్చుంది. జడ మీద దూది, కనుబొమల మీద దూది. ఇన్నేళ్లు ఊహించుకున్న మొహాలేవీ దీని ముందు పనికిరావని ఉమాశంకర్‌కి వెంటనే అర్థమైంది.

"ఫోరం ఎందుకు లేపావు?"

"మోడరేటర్ని బతిమాలి పాత కాపీ తెచ్చినాను. నీతో ఓ మాట తేల్సుకోవాల." ఆమె మీట నొక్కింది. చిరిగిన తెర మీద వాళ్ల ఆఖరి సంభాషణ గోడంత అక్షరాలతో వచ్చి పడింది. "నా పేరు సెప్పిన మర్నాడే మాయమైపోనావు. పేరు సూసి బెదిరిపోనావా?"

"పేరా? నువ్వే కదా మర్చిపొమ్మన్నావు! అదిగో, నను మర్చిపో నువ్వు!"

ఖుష్నుమా తెర వంక చూసింది.

"'నువ్వు' అనేసి ఎక్కడుంది? మా వీధిలో సదివినట్టు సదువు."

అతని నాన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి గోదావరి నుంచి వచ్చినవాడు. పెందుర్తిలో వాళ్లింట్లో అందరూ 'నేను' అనే అంటారు. పుట్టినప్పట్నుంచీ ఊరంతటా వింటున్న మాట ఆ నాలుగక్షరాల్లో ఉందని అతనికి తట్టనే లేదు.

"నాను..." అన్నాడు మెల్లగా. "నాను మర్చిపోను."

"ఎక్కిరిస్తారని రోజూ 'నేను' అనే రాసేదాన్ని. ఆ రోజు ఏడుస్తా రాసినాను. ఇంటి మాట వచ్చేసింది. మజ్జిలో ఆ ఖాళీ నా ఏలు సేసిన తప్పు."

ఇద్దరికీ నవ్వు రాలేదు. పోయిన ఏళ్లన్నీ ఆ చిన్న ఖాళీలోంచే పోయాయి.

కింద దెబ్బలు ఆగాయి. చీకట్లోంచి ఆమె తండ్రి లతీఫ్ గొంతు లేచింది. "బేటీ, ఆ బాబు పరుపు కోసం వచ్చినాడా, బొమ్మ కోసం వచ్చినాడా?"

ఖుష్నుమా ఉమాశంకర్‌నే చూస్తోంది.

అతను బాల్కనీ గోడ మీంచి వంగాడు. "మీ అమ్మాయి కోసం వచ్చానండీ."

వెలుగులో దూది కూడా ఆగినట్టయింది.

"అయితే తడిబట్టల్తో నా పరుపుల మీద కూకోకు. టీ పంపుతాను." ధుప్, ధుప్ మళ్లీ మొదలైంది.

"ఈసారి మాయమైపోతావా?" అంది ఖుష్నుమా.

"నాను మర్చిపోను."

"పలకడం రాలేదు. మళ్లీ అను."

మళ్లీ అన్నాడు.